లూపస్ వ్యాధియు, దేహములోని వార్తాహరులును

ఆరోగ్యశాస్త్ర పాఠములలో మనము చదువు వ్యాధులకు చాలవఱకు బయటినుండి వచ్చు శత్రువొకడు కలడు. మలేరియాకు దోమ మోసికొనివచ్చు పరాన్నజీవియు, కలరాకు నీటిలోని క్రిమియు, క్షయకు గాలిలో వ్యాపించు క్రిమియు కారణములు. శత్రువెవ్వడో తెలిసినచో వానిని దూరముగా నుంచు ఉపాయము నాలోచింపవచ్చును. శత్రువెవ్వడును లోన జొరకయే, ఇంటి కాపలాదారులే ఇంటివారిపై బడి కొట్టు వ్యాధులును కొన్ని కలవు. అట్టివానిలో లూపస్ ఒకటి. ఈ వ్యాధి ఏల ఒకప్పుడు రగులునో, ఏల ఒకప్పుడు చల్లారునో, దాని ఉగ్రతను రక్తములోని కొన్ని చిన్న మాంసకృత్తులు ఎంతవఱకు తెలుపగలవో ఇచ్చట వివరింప యత్నించెదను.

లూపస్ అనగా లాటిను భాషలో తోడేలు. ముఖమున బుట్టు పుండ్లు తోడేలు కొఱికిన గాయములను బోలియుండుటచే పూర్వపు వైద్యులు ఆ పేరు వాడిరని చెప్పుదురు. ఎఱ్ఱని మచ్చలతో గూడిన రకమునకు 'లూపస్ ఎరిథిమటోసస్' అను పేరును 1851 లో పారిస్ వైద్యుడు కజనావ్ వాడుకలోనికి దెచ్చెను. ఈ రోగము చర్మముతో నాగక దేహమంతటికిని హాని చేయగలదని 1872 లో వియన్నా వైద్యుడు కపోసి వ్రాసెను. ముక్కునకు ఇరుప్రక్కల చెక్కిళ్లపై సీతాకోకచిలుక ఱెక్కలు విప్పినట్లు ఎఱ్ఱని పొడ, ఎండ తగిలిన వెంటనే మంట, ప్రొద్దుట లేచునప్పటికి కీళ్లు బిగిసికొనుట, విడువని నలత, జ్వరము, నోటిలో పుండ్లు, జుట్టు రాలుట - ఇవి పైకి గనబడు గుఱుతులు. మూత్రపిండములకు, గుండెను గప్పిన పొరకు, మెదడునకు కలుగు బాధ చాల సారులు పైకి గనబడదు. రోగులలో పదింట తొమ్మండుగురు స్త్రీలు; అందును ఎక్కువమంది పదునైదేండ్లకు నలువది యైదేండ్లకు నడుమ వయస్సువారు. అయిదింట ఒక వంతు వఱకు రోగులకు పదునెనిమిదేండ్ల లోపుననే ఇది ఆరంభమగుచున్నది గనుక పాఠశాలలకును ఈ విషయముతో పని కలదు. ఇది అంటురోగము కాదు. రోగి త్రాగిన గ్లాసుతో నీరు త్రాగినను, ఒకే బల్లపై కూర్చుండినను రాదు.

ఈ వ్యాధి నడకను తెలిసికొనుటకు ఒక రచయిత్రి జీవితమును జూడుడు. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున 1925 లో పుట్టిన ఫ్లానరీ ఓకానర్ గొప్ప కథలు వ్రాసిన క్రైస్తవ భక్తురాలు. ఆమె తండ్రి 1941 లో లూపస్ వలననే చనిపోయెను. 1950 సంవత్సరాంతమున, ఇరువది యైదేండ్ల ప్రాయమున, ఆమెయు జబ్బుపడెను. పిమ్మట తల్లితోగూడ మిల్లెడ్జ్‌విల్ పట్టణము చెంతనున్న తమ పొలమున నివసించుచు, నెమళ్లను పెంచుచు, ప్రతిదినము ప్రొద్దుటి గంటలలో వ్రాయుచు, మధ్యాహ్నము విశ్రమించుచు గడపెను. కొన్ని సంవత్సరములు చంకకఱ్ఱలతో నడచెను. 1964 ఆరంభమున ఆమెకు వేఱొక కారణముచే శస్త్రచికిత్స జరిగెను. అంతవఱకు అణగియున్న లూపస్ మరల రగిలెను. మూత్రపిండములు చెడి, ఆ యేడు ఆగష్టు 3 వ తేదీన, ముప్పది తొమ్మిదేండ్లకే కన్నుమూసెను. పండ్రెండేండ్లకు పైగా నివురుగప్పిన నిప్పువలె నుండి, చివరకు కొలది నెలలలో కాల్చివేయుట ఈ వ్యాధి స్వభావమునకు తగినదే.

కావున లూపస్ ఉన్నదా లేదా అను ప్రశ్నతో వైద్యుని పని ముగియదు. నేడెంత రగులుచున్నది? ఈ రెండవ ప్రశ్న మొదటిదానికంటె కష్టమైనది. దీనికై టొరంటో నగర వైద్యుల ఆధ్వర్యమున సిద్ధమైన ఒక మార్కుల పట్టిక 1992 లో ప్రకటింపబడెను. గడచిన పది దినములలో గనబడిన లక్షణములకు మార్కులు వేయుదురు. మూర్ఛలకు 8, కీళ్లవాపునకు 4, మూత్రములో మాంసకృత్తు పోవుటకు 4, క్రొత్త పొడకు 2, జ్వరమునకు 1. మొత్తము అంశములు 24. మార్కులన్నియు కూడిన 105. మన పరీక్షలకు భిన్నముగా ఇందు సున్న తెచ్చుకొన్నవారే ధన్యులు. అయితే రోగులను ఎక్కువగా పీడించునది ఒడలి అలసట; దానికి ఈ పట్టికలో ఒక్క మార్కయినను లేదు. తరగతిలో తల వాల్చి కూర్చుండు బాలికను సోమరి యని యుపాధ్యాయుడు తలచుటయు, పని తప్పించుకొనుచున్నదని ఇంటివారు తలచుటయు సామాన్యముగా జరుగుచుండును. పట్టికకే కనబడని బాధ వారికి కనబడకపోవుటలో వింత లేదు గాని, ఆ బాలికకు కలుగు దుఃఖము తక్కువది కాదు.

ఇక వార్తాహరుల సంగతి. పల్లెలో దొంగలు పడినప్పుడు మొదట చూచిన తలారి కేక వేయును. ఆ కేక విని ఇరుగుపొరుగువారు తలుపులు బిగింతురు, కఱ్ఱలు దీసికొని బయటికి వత్తురు. మన జీవకణములును అట్లే ఒకదాని కొకటి వార్తలంపుకొనును. ఆ వార్తలను మోయునవి మిక్కిలి చిన్నవగు మాంసకృత్తులు. సైటోకైనులని వానికి సామాన్యనామము. వానిలో మొదట కీర్తి గడించినది ఇంటర్‌ఫెరాను. 1957 లో లండను నగరపు మిల్ హిల్ పరిశోధనాలయమున అలిక్ ఐజక్స్ అను స్కాట్లండు వాడును, ఝాన్ లిండెన్‌మాన్ అను స్విట్జర్లండు వాడును దీనిని కనుగొనిరి. వారు కోడిగ్రుడ్డులోని పొర ముక్కలను, వేడిచే నిర్జీవము చేసిన ఇన్‌ఫ్లుయెంజా వైరసుతో కలిపి కొంతసేపు ఉంచిరి. పిమ్మట ఆ ద్రవమును తీసి క్రొత్త పొర ముక్కలపై పోసి చూడగా, వానిలో బ్రతికియున్న వైరసు వృద్ధి చెందజాలకపోయెను. మొదటి కణములు ఏదియో యొక పదార్థమును విడిచినవి; అది తక్కిన కణములను ముందుగా హెచ్చరించినది. వైరసునకు అడ్డుతగులునది గనుక, అడ్డుపడుట అను అర్థముగల ఆంగ్లపదమునుండి దాని పేరు పుట్టెను.

ఇన్‌ఫ్లుయెంజా జ్వరములో ఒళ్లంతయు నొప్పులు, చలి, అన్నముపై విముఖత కలుగునుగదా! వానిలో పెద్దభాగము వైరసు చేసిన పని కాదు, మన వార్తాహరుల సందడియే. ఇంటర్‌ఫెరానును మందుగా సూదితో ఎక్కించినప్పుడు, ఏ వైరసును లేకున్నను, ఆ నొప్పులును ఆ జ్వరమును వచ్చుటయే ఇందుకు నిదర్శనము. మామూలు జ్వరములో కొలది దినములకే శత్రువు నశించి కేక ఆగును. లూపస్ రోగిలో అది ఆగదు.

ఈ సంగతి తెలియుటకు చాల కాలము పట్టెను. 1979 లో అమెరికా పరిశోధకులు లూపస్ రోగుల రక్తములో ఇంటర్‌ఫెరాను కలదనియు, వ్యాధి రగులుచున్నవారిలో అది ఎక్కువగా కనబడుచున్నదనియు ప్రకటించిరి. అంతమాత్రమున అది కారణమని చెప్పవచ్చునా? పొగ కనబడినంతమాత్రమున పొగయే ఇంటిని కాల్చెనని యనరాదు. 1990 లో స్వీడను దేశమునుండి వచ్చిన వార్త ఈ సందేహమునకు కొంత సమాధానమిచ్చెను. వేఱొక కంతి వ్యాధికై ఇంటర్‌ఫెరాను సూదులు పుచ్చుకొనుచున్న రోగికి లూపస్ పుట్టినట్లు అచ్చటి వైద్యులు వ్రాసిరి. అటువంటివి మఱికొన్ని ఇతర దేశములలోను కనబడెను. అందఱికిని కాదు, కొలదిమందికే. ఐనను కేకయే కలహమును బుట్టింపగలదని దీనివలన తేటపడెను.

రక్తములో ఇంటర్‌ఫెరాను అత్యల్పముగా నుండుటచే దానిని నేరుగా తూచుట దుస్సాధ్యమాయెను. అందుచే శాస్త్రజ్ఞులు ప్రక్కదారి త్రొక్కిరి. కేక ఎంత బిగ్గరగా నున్నదో వినలేకపోయినను, ఎన్ని యిండ్ల తలుపులు మూసికొన్నవో లెక్కింపవచ్చునుగదా! ఇంటర్‌ఫెరాను తగిలిన తెల్లకణములలో కొన్ని నిర్ణీతమైన జన్యువులు మేల్కొని పనిచేయును. 2003 లో మిన్నెసోటాలో నొక బృందమును, టెక్సాసులో నొక బృందమును లూపస్ రోగుల తెల్లకణములను పరీక్షించి, ఆ జన్యువులు పెద్ద సంఖ్యలో మేల్కొనియుండుట చూచిరి. పెద్దవారిలో అనేకులకును, పిల్లలలో ఇంచుమించు అందఱికిని ఈ ముద్ర కనబడెను. 2017 లో పారిస్ నగరమువారు అత్యంత సూక్ష్మమైన యొక పద్ధతిచే ఆ మాంసకృత్తునే తూచగలిగిరి.

కేక ఏల ఆగదు? ప్రతిదినము మన దేహమున కోట్లకొలది కణములు చచ్చుచు, వాని తుక్కును ఊడ్చివేయు కణములు ఎప్పటికప్పుడు శుభ్రము చేయుచుండును. లూపస్ రోగిలో ఈ పారిశుద్ధ్యము సరిగా జరుగదు. చచ్చిన కణములలోని డి.ఎన్.ఏ. మొదలగు పదార్థములు బయటబడి నిలిచిపోవును. వానిని శత్రువులని భ్రమించి దేహము ప్రతిరక్షకములను తయారుచేయును. తుక్కును ప్రతిరక్షకమును ముద్దగా కూడి, తెల్లకణములలో మిక్కిలి అల్పసంఖ్యాకమగు ఒక తెగలోనికి చొచ్చును. ఆ తెగ కణములలో వైరసుల జాడ పట్టుటకు ఏర్పడిన గ్రాహకములు కలవు. వైరసు డి.ఎన్.ఏ.కును మన డి.ఎన్.ఏ.కును తేడా తెలియక అవి కేక వేయును. ఇంటర్‌ఫెరాను ధారగా వెలువడును. ఆ కేక విని ప్రతిరక్షకములను చేయు కణములు మఱింత విజృంభించును. మఱిన్ని ప్రతిరక్షకములు, మఱిన్ని ముద్దలు, మఱల కేక. గానుగెద్దు తిరిగినట్లు ఈ చక్రము తిరుగుచునే యుండును. ఆ ముద్దలే మూత్రపిండముల సన్నని జల్లెడలో చిక్కుకొని వానిని పాడుచేయును. ఎండ ఏల పడదో యిప్పుడు తెలియును: తీక్ష్ణమైన సూర్యకిరణములు చర్మకణములను చంపి తుక్కును పెంచును. గొడుగు పట్టుకొని బడికి వచ్చు లూపస్ బాలికను తోటివారు పరిహసింపకుందురుగాక.

స్త్రీలకే ఇది అధికముగా వచ్చుటకు ఒక కారణమును ఇచ్చటనే వెదకుచున్నారు. పైన జెప్పిన గ్రాహకములలో ఏడవ సంఖ్యగల దొకటి కలదు. దాని జన్యువు ఎక్స్ క్రోమోసోముపై నుండును. స్త్రీలకు రెండు ఎక్స్ క్రోమోసోములుండినను, ప్రతి కణములోను ఒకటి నిద్రించును. ఈ జన్యువు మాత్రము కొన్ని కణములలో నిద్రింపక రెండు ప్రతులును పనిచేయుచున్నట్లు 2018 లో ప్రకటించిరి. 2022 లో స్పెయిను దేశపు ఒక బాలికలో ఈ జన్యువునందలి ఒక్క అక్షరపు మార్పే చిన్ననాటనే తీవ్రమైన లూపస్ కలిగించినదని స్థాపింపబడెను. హార్మోనుల ప్రభావమును ఉండవచ్చును. ఒక్క కారణముతో తేలు విషయము గాదు.

ఇంటర్‌ఫెరాను ముద్రను కొలిచి వ్యాధి రేపు రగులునా అని ముందుగా చెప్పవచ్చునా? అనేకమంది రోగులను ఒకచోట చేర్చి చూచినప్పుడు, ముద్ర గాఢముగా నున్నవారిలో వ్యాధియు తీవ్రముగా నున్నది. కాని ఒకే రోగిని నెలల తరబడి కనిపెట్టి చూచినప్పుడు, వ్యాధి హెచ్చినను తగ్గినను ఆ ముద్ర చాలవఱకు ఒకే తీరున నిలిచియుండుట పరిశోధకులను నిరాశపఱచెను. ఎవరి వ్యాధి ఎట్టి జాతిదో తెలుపుటకు అది తోడ్పడును. ఈ వారము రోగి యెట్లున్నదో చెప్పుటకు అంతగా పనికిరాదు. పైగా రోగికి జలుబు చేసినను అదే ముద్ర హెచ్చును. ఈ రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపివేసి, ఒక్క రక్తపరీక్షతో సర్వమును తెలియునని చెప్పువారి మాటలను నమ్మరాదని నా యభిప్రాయము.

వార్తాహరులను గూర్చిన జ్ఞానము రోగి మంచముచెంత వెంటనే పనికివచ్చు సందర్భ మొకటి కలదు. లూపస్ రోగికి జ్వరము వచ్చినదనుకొందము. అది వ్యాధి రగులుటచే వచ్చినదా, లేక బయటి క్రిమి చేరుటచే వచ్చినదా? మొదటిదైనచో రోగనిరోధక శక్తిని అణచు మందు హెచ్చింపవలెను. రెండవదైనచో అట్టి మందు హెచ్చించుట ప్రాణాపాయము. సామాన్య క్రిములు చేరినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 అను వేఱొక వార్తాహరుడు కాలేయమునకు కబురంపును. జపాను దేశమున ఒసాకా శాస్త్రజ్ఞులు 1986 లో దీని జన్యువును వెలికిదీసిరి. ఆ కబురు విని కాలేయము సి.ఆర్.పి. యను మాంసకృత్తును విస్తారముగా తయారుచేయును. లూపస్ రగులునప్పుడు ఇంటర్‌ల్యూకిన్ హెచ్చుగా నున్నను, సి.ఆర్.పి. చాలమందిలో అంతగా పెరుగదు. ఇంటర్‌ఫెరాను కాలేయమును అట్లు చేయనీయదని ప్రయోగములు తెలుపుచున్నవి. రక్తకణములు అడుగునకు దిగు వేగము, అనగా ఇ.ఎస్.ఆర్., మాత్రము రెంటిలోను పెరుగును. కావున ఇ.ఎస్.ఆర్. హెచ్చి సి.ఆర్.పి. స్వల్పముగా నున్నచో లూపస్ నే ముందు శంకింతురు, సి.ఆర్.పి. అమితముగా పెరిగినచో క్రిమిని వెదకుదురు. కీళ్లును, గుండె ఊపిరితిత్తుల పొరలును వాచినప్పుడు లూపస్ లోను సి.ఆర్.పి. పెరుగుట కలదు గనుక ఇది తప్పని సూత్రము గాదు. ఐనను అర్ధరాత్రి జ్వరముతో వచ్చిన రోగిని పరీక్షించు వైద్యునికి ఇది మంచి దారి చూపును.

చికిత్సలలో మిక్కిలి పాతది మలేరియా మందుల కుటుంబమునకు చెందినది. లండను వైద్యుడు పేన్ 1894 లోనే క్వినైనుతో లూపస్ మచ్చలు తగ్గుట చూచెను. 1951 లో పేజ్ అను వైద్యుడు మెపాక్రిను అను మలేరియా మందుతో మేలు కలిగెనని వ్రాయగా, పిమ్మట హైడ్రాక్సీక్లోరోక్విను ప్రచారమునకు వచ్చెను. నాకు మలేరియా లేదే, ఈ మాత్ర ఏల యని రోగులు అడుగుచుందురు. పైన జెప్పిన గ్రాహకములు కణములోని చిన్న సంచులలో పనిచేయును. ఈ మందు ఆ సంచులలో చేరి గ్రాహకములను మందగింపజేయును. అనగా కేక పుట్టుచోటనే గొంతు తగ్గించును. ఫలితము కనబడుటకు నెలలు పట్టును. జ్వరము తగ్గినదని దీనిని మానివేసినవారికి వ్యాధి తిరుగబెట్టుట తఱచు. ఏండ్ల తరబడి వాడువారికి కంటిలోని పొర చెడకుండ ఏటేట కండ్లను పరీక్షింతురు. స్టిరాయిడ్ మందులు మంటను వేగముగా ఆర్పును గాని, హెచ్చు మోతాదున దీర్ఘకాలము వాడిన ఎముకలు గుల్లబాఱుట, ముఖము ఉబ్బుట, క్రిములు సులభముగా చేరుట కలుగును. కీళ్లకును చర్మమునకును మెథోట్రెక్సేట్ అను మందు వాడుదురు. అది భీమవరమున 1895 లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున నడపిన బృందము చేసిన కృషి ఫలము. ఆయన క్యాన్సరును తలచి చేసిన పని నేడు కీళ్లవ్యాధులవారికిని అక్కఱకు వచ్చుచున్నది.

వార్తాహరులనే గుఱిగా జేసికొన్న మందులు ఈ శతాబ్దమునవి. ప్రతిరక్షకములను చేయు కణములకు ఆయువు పోయు బాఫ్ అను వార్తాహరుని పట్టివేయు బెలిముమాబ్ అను మందును 2011 లో అమెరికా ప్రభుత్వ మంగీకరించెను. అచ్చట 1955 తరువాత లూపస్ కని అంగీకరింపబడిన మొదటి క్రొత్త మందు అదియే. ఇంటర్‌ఫెరాను కుటుంబమున డజనుకు పైగా సోదరులు కలరు. ఒక్కొక్కనిని పట్టుట కష్టము. వారందఱును కణములోనికి కబురందించు ద్వారము మాత్రము ఒక్కటే. ఆ ద్వారమును మూయు అనిఫ్రోలుమాబ్ అను మందు మొదటి పెద్ద పరీక్షలో ముందు నిర్ణయించుకొన్న కొలమానము ప్రకారము నెగ్గలేదు. 362 మంది రోగులతో జరిగి 2020 లో ప్రకటింపబడిన రెండవ పరీక్షలో, మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 48 మందికిని, మందు లేని ద్రవము పుచ్చుకొన్నవారిలో నూటికి 32 మందికిని గుణము కనబడెను. 2021 లో అమెరికాలో అనుమతి లభించెను. నూటికి పదునాఱు మంది ఎక్కువ బాగుపడుట చిన్న సంగతి కాదు. సగముమందికి పైగా ఆశించిన గుణము కనబడకుండుటయు దాచదగినది కాదు. ద్వారము మూసినందుకు చెల్లించు వెల యొకటి కలదు. మన ప్రాంతమున అక్కి లేక సర్పి యని పిలుచు పొక్కుల జబ్బు, ఆ పరీక్షలో మందు పుచ్చుకొన్నవారిలో నూటికి ఏడుగురికి, తక్కినవారిలో నూటికి ఒకరికి వచ్చెను. చిన్నప్పటి ఆటలమ్మ వైరసు నరములలో దాగియుండి, తలారి గొంతు నొక్కినప్పుడు బయటికి వచ్చుటయే దీనికి హేతువు.

ఇంటర్‌ఫెరాను పరీక్షలు ఇప్పటికిని పరిశోధనాలయముల పనిముట్లే. సామాన్య ఆసుపత్రులలో వాడుకలోనికి రాలేదు. వ్యాధి నడకను కనిపెట్టుటకు వైద్యులు డి.ఎన్.ఏ.కు వ్యతిరేకమగు ప్రతిరక్షకములను, సి-3, సి-4 అను మాంసకృత్తులను రక్తములో చూతురు. ముద్దలు పేరుకొనునప్పుడు ఈ రెండు మాంసకృత్తులును ఖర్చయి తగ్గిపోవును. వీనికంటె చౌకయైనది మూత్రపరీక్ష. పెద్దలగు రోగులలో ఇంచుమించు సగముమందికి ఎప్పుడో యొకప్పుడు మూత్రపిండములకు జబ్బు సోకును. పిల్లలలో ఇంకను ఎక్కువ. మొదట నొప్పి యుండదు, రోగి చక్కగా తిరుగుచునే యుండును. పాదములు ఉబ్బుటయు, మూత్రము నురుగుగట్టుటయు ఆలస్యముగా తెలియును. అంతకు ముందే మూత్రములో మాంసకృత్తు దిగుచుండుట చిన్న సీసాడు మూత్రముతో బయటపడును గనుక, ఒంట్లో బాగున్న నెలలలో గూడ వైద్యులు ఆ సీసాను అడుగుచుందురు.